తండ్రి కట్టిన ఇల్లు, పరదేశంలో కొడుకు

రాయచోటి, కడప ప్రాంతాల నుంచి కువైట్‌కు, నిజామాబాదు, జగిత్యాల, కరీంనగర్ ప్రాంతాల నుంచి దుబాయికీ సౌదీ అరేబియాకూ వెళ్ళిన మన సోదరులు ఎందరో ఉన్నారు. మొదటి రెండు మూడేళ్ళ సంపాదన ప్రయాణానికి చేసిన అప్పుకే సరిపోతుంది. తరువాత చెల్లెలి నికాహ్ బాధ్యత వస్తుంది. అవి తీరాక మనసు పోయేది ఒక్కచోటికే. తండ్రి కట్టిన ఇల్లు వానకు కారుతోంది, గోడలు చెమ్మగిల్లాయి, వృద్ధురాలైన తల్లి ఒక్కర్తే అందులో ఉంటోంది. దానిని బాగుచేయించాలి.

ఈ సంకల్పం మంచిదే. తల్లిదండ్రుల సేవలో అదీ ఒక భాగమే. అయితే సెలవుపై వచ్చిన సోదరులు మా వద్దకు తెచ్చే ప్రశ్నలు ఎక్కువగా ఇల్లు పూర్తయ్యాక తెస్తారు. "డబ్బంతా నాదే పెట్టాను, ఇప్పుడు అక్కచెల్లెళ్ళు వాటా అడుగుతున్నారు." "తమ్ముని చేతికి పంపిన సొమ్ముకు లెక్క కుదరడం లేదు." "మేస్త్రి పని మధ్యలో వదిలి వెళ్ళాడు." ఇల్లు నిలబడింది, ఇంటివారు విడిపోయారు. ఇవన్నీ మొదటి గోడ పగలగొట్టకముందే అడగవలసిన ప్రశ్నలు. సముద్రం అవతల ఉండి ఇల్లు బాగుచేయించేవారు సిమెంటు లెక్క కంటే ముందు హక్కుల లెక్క తేల్చుకోవాలి. ఈ నెల ఆ లెక్కను వరుసగా చూద్దాం.

ఇల్లు ఎవరిది?

తండ్రి మరణించిన క్షణం నుంచి ఆ ఇల్లు వారసులందరిదీ. పెద్దకొడుకు అందులో ఉంటున్నా, చిన్నకొడుకు పన్ను కడుతున్నా, కరెంటు మీటరు ఎవరి పేరున ఉన్నా ఈ మాట మారదు. స్త్రీలకు కూడా తల్లిదండ్రులు వదలి వెళ్ళిన ఆస్తిలో, అది కొంచెమైనా ఎక్కువైనా, నిర్ణీతమైన వాటా ఉందని దివ్యఖుర్ఆన్ అన్నిసా సూరా ఏడవ ఆయతులో అల్లాహ్ స్పష్టం చేశాడు. ఇంటి వారసత్వం విషయంలో మన దేశపు న్యాయస్థానాలు కూడా 1937 నాటి షరీఅత్ చట్టం ప్రకారం ఈ వాటాలనే గుర్తిస్తాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మరణించిన వ్యక్తికి భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. అతని తల్లిదండ్రులు అంతకుముందే గతించారు. స్థలంతో కలిపి ఇంటి నేటి విలువ 24 లక్షల రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసీయత్ తీరిన తరువాత భార్యకు ఎనిమిదవ వంతు, అంటే 3 లక్షలు. మిగిలిన 21 లక్షలలో కొడుక్కి రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. కొడుకులకు ఏడేసి లక్షలు, కూతుళ్ళకు మూడున్నర లక్షల చొప్పున వస్తుంది.

అప్పుల జాబితాలో మనవాళ్ళు సాధారణంగా మరచిపోయేది ఒకటుంది. భార్యకు చెల్లించని మహర్ ఆమె భర్తపై ఉన్న అప్పు. నికాహ్ నాడు రాసుకుని ఆ తరువాత ఎవరూ ఎత్తని ఆ మొత్తాన్ని వాటాలు పంచకముందే తల్లికి చెల్లించాలి. అలాగే తండ్రి తరువాత ఒక కూతురు మరణించి ఉంటే ఆమె వాటా మాయం కాదు, ఆమె వారసులకు చేరుతుంది. మేనల్లుళ్ళు పసివారైతే మరింత జాగ్రత్త అవసరం. అనాథల సొమ్ము తినడం ఎంతటి పాపమో మన ఇళ్ళలో తెలియనివారు లేరు.

"చెల్లెళ్ళకు పెళ్ళిళ్ళు చేశాం, కట్నాలిచ్చాం, బంగారం పెట్టాం. ఇంకా వాటా ఏమిటి?" అనేవారున్నారు. పెళ్ళిలో పెట్టిన ఖర్చు వారసత్వానికి బదులు కాదు. మరికొందరు, "మా చెల్లెలు ముఆఫ్ చేసింది" అంటారు. నలుగురు అన్నదమ్ముల మధ్య కూర్చోబెట్టి, పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందేమోనన్న భయం కళ్ళలో కనిపిస్తుండగా తల ఊపించడం సమ్మతి అనిపించుకోదు. ముందు ఆమె వాటా ఎంతో లెక్కగట్టి, ఆమెకు తెలియజెప్పి, ఆమె చేతిలో పెట్టాలి. ఆ తరువాత ఆమె మనస్ఫూర్తిగా తిరిగి ఇస్తే అది ఆమె ఔదార్యం.

ఇప్పుడు మన ఉదాహరణలోని ఒక కొడుకు కువైట్ నుంచి 12 లక్షలు పంపి ఈ ఇంటిని బాగుచేయించాలనుకున్నాడు. అతడు పని మొదలు పెట్టకముందే మూడింటిలో ఒకటి తేల్చి చెప్పాలి. ఈ 12 లక్షలు కుటుంబానికి కానుకా? కానుకైతే రేపు వాటాలు పంచేటప్పుడు దాని ఊసెత్తకూడదు. వారసులందరికీ ఇస్తున్న అప్పా? అయితే వారందరూ ముందే ఒప్పుకోవాలి, అది రాతలో ఉండాలి. లేక ఇల్లు తానే తీసుకోదలచాడా? అయితే మిగిలిన వాటాదారులకు నేటి విలువ ప్రకారం సొమ్ము చెల్లించి తీసుకోవాలి. ఇద్దరు చెల్లెళ్ళకు కలిపి 7 లక్షలు ఇవ్వవలసి ఉంటుంది. ఆ సొమ్ము ఇచ్చాక ఇంటి ముందు భాగపు సోకులకు మిగలదేమో. మిగలకపోతే మానివేయవచ్చు. చెల్లెలి వాటా మాత్రం మానివేసే ఖర్చు కాదు.

ఈ ఒప్పందాన్ని నోటిమాటగా వదలవద్దు. తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని, భాగపరిష్కార దస్తావేజును గానీ హక్కు విడుదల దస్తావేజును గానీ సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయించుకోవాలి. విదేశంలో ఉన్నవారు తమ తరఫున సంతకం చేసేందుకు మరొకరికి అధికారం ఇవ్వదలిస్తే, అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరింపజేసిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అది మన దేశానికి చేరిన మూడు నెలలలోపు దానిపై స్టాంపు సుంకం చెల్లించాలి. ఆస్తి అమ్మే అధికారం వరకు అందులో చేర్చనక్కరలేదు. ఏ పనికి అవసరమో ఆ పనికే పరిమితం చేయడం ఇచ్చేవారికీ తీసుకునేవారికీ క్షేమం. మీ కుటుంబపు ప్రత్యేక పరిస్థితులను మీ ప్రాంతపు ముఫ్తీగారికి, ఒక న్యాయవాదికి చెప్పి సలహా తీసుకోండి.

పాత గోడ ఎంత మోయగలదు?

హక్కులు తేలాక గోడల దగ్గరికి వద్దాం. రాయలసీమలోని పాత ఇళ్ళు చాలావరకు రాతి గోడల మట్టి మిద్దెలు. రాళ్ళ మధ్య మట్టి పెట్టి మందంగా కట్టిన గోడలు, వాటిపై దూలాలు, దూలాలపై దంతెలు, వాటిమీద కట్టెలో బండలో పరచి, పైన చవుడు మట్టి దిమ్మిస చేసేవారు. ఏటేటా వానలకు ముందు మిద్దెపై కొత్త చవుడు వేయడం ఇంటి పనుల్లో ఒకటి. ఇంట్లోని మగవారు పరదేశం వెళ్ళాక ఆ పని ఆగిపోయింది. మిద్దె కారడం అక్కడే మొదలైంది.

గల్ఫ్‌లో ఉన్న సోదరుడు సాధారణంగా కోరేది, "కింది ఇల్లు అలాగే ఉంచి, పైన ఒక అంతస్తు లేపండి" అని. ఆ మాటలోని బరువు ఎంతో లెక్క చూడాలి. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల ఒక గదికి 5 అంగుళాల మందంతో స్లాబు వేస్తే దాని బరువే సుమారు మూడున్నర టన్నులు. తొమ్మిది అంగుళాల మందం, పదడుగుల ఎత్తు గల ఇటుక గోడ ప్రతి అడుగు పొడవుకూ సుమారు 400 కిలోలు తూగుతుంది. ఆ గది చుట్టూ గోడ 44 అడుగులు. తలుపులు, కిటికీలు తీసివేసినా 15 టన్నులు. అంటే పైన ఒక్క గది వేస్తే 18 టన్నులకు పైగా కొత్త బరువు, దశాబ్దాలుగా వానకు సందుల్లోని మట్టి కరిగిన గోడపై పడుతుంది. ఆ గోడ పక్కనే తల్లి నిద్రిస్తుంది.

అందుచేత పై అంతస్తు తలపెట్టేవారు ముందుగా ఇంజనీరును పిలిపించి పునాది తవ్వించి చూపించాలి. పునాది చాలకపోతే కొత్త స్తంభాలకు వేరే పునాదులు వేసి, పై బరువు పాత గోడపై పడకుండా చేయాలి. అది ఖర్చుతో కూడిన పని. అంత స్తోమత లేకపోతే పై అంతస్తు ఆలోచన మానుకుని, చెదపట్టిన దూలాలు మార్పించి, మిద్దెను బాగుచేయించడమే మేలు. పంచాయతీ లేదా మునిసిపాలిటీ అనుమతి తీసుకోవడం కూడా మరవరాదు.

గోడల చెమ్మ విషయంలోనూ తొందర పనికిరాదు. నేలలోని తడి మట్టిగోడలోకి ఎక్కుతుంది. పాత సున్నపు పూత ఆ తడిని మెల్లగా గాలిలోకి వదిలేది. దానిమీద సిమెంటు పూస్తే తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. లోపలే నిలిచి ఇంకా పైకి ఎక్కుతుంది, రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి పూత పెచ్చులుగా ఊడుతుంది. మళ్ళీ డబ్బు పంపాలి, మళ్ళీ పూయాలి. మన పెద్దలు సున్నం, ఇసుక గానుగలో నూరి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళు కలిపి పూసేవారు. ఆ పని తెలిసిన చేతులు తగ్గినా, వెతికితే దొరుకుతాయి. పాత గోడకు పాత మందే పడుతుంది.

ఊరి బేల్దారి మాట

రాయలసీమలో ఇళ్ళు కట్టేవారిని బేల్దారి అంటాం. ఈ మాట పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. బేల్ అంటే పార, బేల్దార్ అంటే పార పట్టినవాడు. ఆ పార పట్టిన చేతికి మన ఊరి నేల తెలుసు. ఏ వీధిలో వాననీరు ఎటు పారుతుందో, ఎక్కడ నల్లరేగడి ఉబ్బి గోడలు చీలుస్తుందో, ఏ క్వారీ నాపరాయి పొరలు లేస్తుందో అతనికి తెలుసు. పరదేశంలో ఎత్తైన భవనాలు చూసిన కళ్ళకు ఊరి మేస్త్రి చిన్నగా కనిపించవచ్చు. అక్కడి అద్దాల గోడలు, మూసిన కిటికీలు ఎల్లవేళలా ఎ.సి. నడుస్తుందన్న ధీమాతో కట్టినవి. మన వేసవిలో కరెంటు పోతే ఆ ఇల్లు పొయ్యి అవుతుంది. "ముందు పంచ తీయకండి, ఎండ నేరుగా గోడకు తగులుతుంది" అని బేల్దారి చెబితే అది పాతకాలపు మాట అని కొట్టివేయరాదు.

మదీనాలో మస్జిదె నబవీ నిర్మాణం జరుగుతుండగా యమామా ప్రాంతం నుంచి హజ్రత్ తల్ఖ్ బిన్ అలీ (రజి) వచ్చారు. మట్టి కలపడంలో ఆయన చేయి తిరిగినవారు. ఆ పని ఆయనకే అప్పగించమని దైవప్రవక్త (స) తన సహచరులకు చెప్పిన సంఘటనను హదీసు గ్రంథాలు భద్రపరిచాయి. ఏ పనికి ఎవరు నేర్పరులో గుర్తించి, ఆ పనిలో వారిని ముందుంచడం ప్రవక్త (స) సంప్రదాయం.

అయితే నేర్పు ఒక్కటే చాలదు. మద్‌యన్‌లో హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను పనికి పెట్టుకోమని తండ్రికి సలహా ఇచ్చిన అమ్మాయి రెండు గుణాలు చెప్పింది. ఒకటి శక్తి, రెండవది నమ్మకస్తత్వం. మేస్త్రిని ఎంచుకునేటప్పుడు అతడు అయిదారేళ్ళ క్రితం కట్టిన ఇళ్ళు రెండు చూడండి. కొత్త ఇల్లు ఎవరు కట్టినా మెరుస్తుంది. ఆ ఇంటివారిని రెండే ప్రశ్నలు అడగండి. వానకు కారిందా? డబ్బు విషయంలో మాట తప్పాడా?

మాట రాతలో

అప్పు వ్యవహారాన్ని గడువుతో సహా, న్యాయంగా రాసే వ్రాయసగాడితో రాయించి, సాక్షులను పెట్టుకోమని అల్‌బఖరా సూరా 282వ ఆయతు బోధిస్తోంది. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు ఇదే. రాయించుకోవడం అనుమానానికి గుర్తు కాదు. ఇరువురి జ్ఞాపకాలకూ అది ఊతం.

బేల్దారితో ఒప్పందంలో ఇవి ఉండాలి. కూలి చదరానికి ఇంత అని కుదిరితే చదరం ఎలా కొలుస్తారు, పంచ, మెట్లు అందులో చేరతాయా? సిమెంటు, ఇసుక, కంకర, ఇనుము ఎవరు కొంటారు? సెంట్రింగు ఖర్చు ఎవరిది? నీళ్ళు పట్టే పని ఎవరిది? ఒప్పుకున్నదానికి మించిన పని చెబితే దానికి ధర ఎప్పుడు నిర్ణయించుకోవాలి? పునాది, లింటెలు, స్లాబు, పూత, ఏ దశ పూర్తయితే ఎంత చెల్లించాలి? పాత ఇంటిని విప్పినప్పుడు వచ్చే టేకు తలుపులు, దూలాలు, బండలు ఎవరివి? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కానీ వాటాలు పంచని ఇంటిలో ఆ తలుపు కూడా వారసులందరి సొత్తు. అమ్మితే వచ్చిన సొమ్ము వాటాల లెక్కలోకి రావాలి.

కువైట్‌లో పని ముగించుకుని గదికి చేరేసరికి ఇక్కడ రెండున్నర గంటల కాలం ముందుకు జరిగి ఉంటుంది, పనివాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయి ఉంటారు. రాత్రి వీడియోలో కనిపించేది పైపూత మాత్రమే. అందుచేత పూర్తయిన గోడ ఫోటో కంటే మూతపడబోయే పని ఫోటోలు అడగండి. టేపు పెట్టి కొలుస్తున్న పునాది గుంత, కాంక్రీటు పోయకముందు కట్టిన ఇనుము, సిమెంటు సంచిపై అచ్చువేసిన తయారీ తేదీ. సిమెంటు మూడు నెలలకు మించి నిలవుంటే బలం తగ్గుతుంది. స్లాబు పోశాక కనీసం ఏడు రోజులు, మన ఎండల్లోనైతే పది నుంచి పద్నాలుగు రోజులు, ఎప్పుడూ తడిగా ఉంచాలి. సెలవు దగ్గర పడుతోందని, గృహప్రవేశం చూసి వెళ్ళాలని సెంట్రింగు ముందే విప్పమని ఒత్తిడి చేయకండి.

కూలి

కూలివాని చెమట ఆరకముందే అతని కూలి ఇవ్వాలన్న ప్రవక్త (స) ఆదేశం మనకు తెలిసినదే. పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టినవానికి ప్రళయదినాన తానే ప్రత్యర్థిగా ఉంటానని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీలోని హదీసు తెలుపుతోంది. పరదేశంలో రెండు నెలల జీతం ఆగితే ఎలా ఉంటుందో గల్ఫ్ సోదరులకు వేరే చెప్పనక్కరలేదు. "అక్కడ నాకు జీతం రాలేదు, అందుకే ఇక్కడ మీకు ఇవ్వలేను" అన్న మాట సున్నం మోసిన ఆడకూలీ ఇంట్లో పొయ్యి వెలిగించదు. ఆమెతో ఒప్పందం మీది, కంపెనీది కాదు. అందుకే కనీసం ఒక నెల కూలికి సరిపడా సొమ్ము ముందుగానే ఊరిలో సిద్ధంగా ఉంచి, అది ఉన్నంత మేరకే పని మొదలుపెట్టాలి. సొమ్ము అయిపోతే పని ఆపడంలో అవమానం లేదు.

పని బాగాలేకపోతే? ఏ భాగం బాగాలేదో చూపించి, దానిని సరిచేయించాలి. ఇంజనీరు చేత చెప్పించాలి. మేస్త్రిపై కోపంతో అతని కింద పనిచేసిన కూలీల వారపు కూలిని ఆపడం అన్యాయం.

మధ్యన నిలిచేవారు

డబ్బు పంపేది ఒకరు, పని చేసేది మరొకరు. మధ్యలో తమ్ముడో, బావమరిదో నిలుస్తాడు. షరీఅత్ పరిభాషలో అతడు వకీల్, అతని చేతిలోని సొమ్ము అమానత్. తన వ్యవసాయం, తన దుకాణం పక్కనపెట్టి నాలుగైదు నెలలు ఇసుక కోసం, సిమెంటు కోసం తిరిగేది అతడే. అతని శ్రమకు ప్రతిఫలం ఉందా లేదా అన్నది మొదటి రోజే తేల్చండి. తేల్చకపోతే అతడు మనసులో ఒక లెక్క వేసుకుంటాడు, మీరు మరో లెక్క వేసుకుంటారు. ఇస్తానంటే ఎంతో చెప్పండి. ఉచితంగా చేస్తానంటే కనీసం బండి పెట్రోలు ఖర్చు రాసుకోమని మీరే పట్టుబట్టండి. ప్రతి ఖర్చుకూ రసీదు, ఒక పుస్తకం, వారానికోసారి లెక్క. ఆ పుస్తకాన్ని తల్లి ముందు తెరవండి, అక్కచెల్లెళ్ళకూ చూపండి. దాపరికం లేని లెక్క తమ్ముని గౌరవాన్ని కాపాడుతుంది.

చివరగా, ఆ ఇంట్లో రోజూ ఉండేవారిని అడిగారా? నక్షా కువైట్‌లో గీస్తారు, వంట మాత్రం ఇక్కడ జరుగుతుంది. మోకాళ్ళ నొప్పులున్న తల్లికి మేడమీది గది వద్దు. నేలమట్టంలో స్నానపు గది, పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ, కూర్చుని వుజూ చేసుకునేందుకు ఒక గట్టు చాలు. భార్యకు పొగ బయటికి పోయే వంటగది, వీధివారి చూపు పడకుండానే గాలి వచ్చే కిటికీ కావాలి. ఇవన్నీ కలిపినా ముందు గోడకు అతికించే గ్రానైటుకయ్యేంత ఖర్చు కాదు.

కాబట్టి పరదేశంలోని సోదరులారా! ఈ ఏడాది ఇంటి పని తలపెట్టి ఉంటే, మొదటి ఫోను మేస్త్రికి చేయకండి, మీ అక్కచెల్లెళ్ళకు చేయండి. "అబ్బా ఇల్లు బాగుచేయించాలనుకుంటున్నాను, ముందు మీ వాటా సంగతి తేల్చుకుందాం" అనండి. ఎన్నో ఏళ్ళుగా ఆమె ఆ మాట కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. ఇక్కడున్న తల్లులారా! కొడుకు డబ్బు పంపుతున్నాడన్న మొహమాటంతో కూతుళ్ళ హక్కు గురించి మౌనం వహించకండి. మీ నోటి వెంట వచ్చే ఒక్క మాటతో బిడ్డల మధ్య దశాబ్దాల తగవు తప్పుతుంది.

మన సంపాదనలో ఇతరుల హక్కు కలవకుండా, మన ఇళ్ళు మన బంధుత్వాలను కలిపి ఉంచేవిగా అల్లాహ్ చేయుగాక. ఆమీన్.